కంపెనీల నెలకు 28 రోజులే!
పొలంలోని మోటారుకూ తప్పని రీఛార్జి - సెల్‌ఫోన్లపై రైతుల గోడు

సత్యవేడు: కాలెండరులో ఫిబ్రవరి ఒక్కటే 28 రోజుల నెల. సెల్‌ఫోను కంపెనీలకు మాత్రం ఏడాది పొడుగునా ఫిబ్రవరే. సత్యవేడు, వరదయ్యపాళెం, నాగలాపురం మండలాల్లో ఏ రీఛార్జి కొట్టు ముందు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. నవ్వుతూ అనేవారు కొందరు, తిట్టుకుంటూ అనేవారు కొందరు. లెక్క తెలిసినవారు వేళ్లు మడిచి మరీ చూపిస్తున్నారు. 28 రోజుల చొప్పున 12 సార్లు కడితే వచ్చేది 336 రోజులే. ఏడాది నిండాలంటే 13వ సారి కూడా కట్టక తప్పదు. కూలికి 12 నెలల కూలి, ఉద్యోగికి 12 నెలల జీతం. కంపెనీకి మాత్రం 13 నెలల రాబడి!

వెనుక ఇంటికొక ఫోను ఉండేది. ఇప్పుడు తలకొకటి. నలుగురున్న రైతు ఇంట్లో నాలుగు సిమ్ములుంటే, అయిదోది పొలంలో మోటారు పెట్టెలో ఉంటోంది. 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు ఒక కంపెనీ 28 రోజుల పథకం 155 రూపాయల నుంచి 189కి, మరో కంపెనీది 179 నుంచి 199కి పెరిగాయి. 189 రూపాయల లెక్కన అయిదు సిమ్ములకు 13 సార్లు కడితే ఏడాదికి 12,285 రూపాయలు. ఈ మొత్తం ఒక్కసారే కట్టాల్సి వస్తే ఊరు ఊరంతా గగ్గోలు పెట్టేది. విడివిడిగా, చిల్లరగా పోతున్నందున ఎవరికీ తెలిసి రావడంలేదు. పైగా గడువు తీరిపోయిందన్న సంగతి తెలిసేది కూడా అవసరం పడినప్పుడే. ఆస్పత్రికి పోయేవేళ, బిడ్డ హాస్టలు నుంచి మాట్లాడాలనుకున్నవేళ ఫోను మూగబోతుంది.

పొలంలో సిమ్ము

ఈ అయిదో సిమ్ము సంగతి పట్నవాసులకు అంతగా తెలియదు. బోరుబావి మోటారు స్టార్టరు పక్కన చిన్న పెట్టె ఒకటి బిగిస్తారు. అందులో మామూలు సిమ్ము వేస్తారు. రైతు తన ఫోను నుంచి ఆ నంబరుకు చేస్తే మోటారు ఆడుతుంది, మరోసారి చేస్తే ఆగుతుంది. కరెంటు మూడు ఫేజులూ వచ్చాయా లేదా, నీళ్లు పడుతున్నాయా లేక మోటారు ఉత్తగా తిరుగుతోందా అన్నది కూడా కొన్ని పెట్టెలు ఫోను చేసి చెబుతాయి.

కొత్తలో ఇది చూసి ముక్కున వేలేసుకున్న పెద్దలే ఇప్పుడు ఇది లేనిదే వ్యవసాయం లేదంటున్నారు. కారణం లేకపోలేదు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిన రోజులు వారికి గుర్తున్నాయి. పాము కాటుకు పోయినవారు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవారు లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. అందుకే సెల్‌ఫోను వచ్చి ఏమి మేలు చేసిందని అడిగితే, సినిమా పాటలని కుర్రవాళ్లు అంటే, రాత్రిపూట పొలానికి పోయే పని తప్పిందని రైతులు అంటున్నారు. పెద్ద కంపెనీలను తిట్టే నోటితోనే ఈ మాట కూడా అంటున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఆ పెట్టె ఎవరితోనూ కబుర్లు చెప్పదు, సినిమాలు చూడదు. రోజుకు రెండు మిస్డ్ కాల్స్ చాలు దానికి. అయినా రోజుకు ఇంత చొప్పున ఇంటర్నెట్టు కలిపిన పథకమే దానికీ వేయిస్తున్నారు. గడువు ముగిసిన మర్నాడు పెట్టె పలకదు. మోటారు ఆడుతోందనుకుని రైతు పేటకు పోతాడు. వచ్చి చూస్తే మడిలో చుక్క నీరుండదు. నాట్లు వేసిన వారంలో ఇలా రెండు రోజులు జరిగితే నష్టం రీఛార్జి డబ్బుతో పోదు.

పెట్టె కొనేటప్పుడు మరో మోసం కూడా జరుగుతోందని రైతులు ఆరోపిస్తున్నారు. మోసమనడం కంటే చెప్పకపోవడం అనడం సబబు. చౌకరకం పెట్టెలు చాలావరకు పాత 2జీ సిగ్నలు మీద పనిచేసేవే. జియో వంటి కంపెనీకి 2జీ లేదు, 4జీ, 5జీలే ఉన్నాయి. ఆ సిమ్ము ఈ పెట్టెలో వేస్తే పలకదు. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు, కొనేవాడికి తెలియదు. పెట్టె పాడైందని మళ్లీ బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగేవారున్నారు. బి.ఎస్.ఎన్.ఎల్. చౌక అని కొందరు మారారు. 2024లో ధరల పెంపు తర్వాత దేశమంతటా చాలామంది అలాగే మారారు. కాని పొలాల వైపు సిగ్నలు దొరకడంలేదని వారి ఫిర్యాదు. ఆ సంస్థ స్వదేశీ 4జీ టవర్లను 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు. పెట్టె 2జీదైతే ఆ 4జీ వల్ల దానికి ఒరిగేదేమీ లేదు.

జీవితకాలం పన్నెండేళ్లు

కంపెనీల మాట మీద పల్లెల్లో నమ్మకం తగ్గడానికి పాత కథలు కూడా కారణమే. 2003లో రిలయన్సు వారు 501 రూపాయలు కట్టించుకుని ఫోను చేతిలో పెట్టినప్పుడు జనం విరగబడ్డారు. ఆ ఏడాది మే నుంచే వచ్చే కాల్స్‌కు డబ్బు లేకుండా పోయింది. అంతకు మునుపు ఎదుటివాడు చేసినా మన జేబే ఖాళీ అయ్యేది. తర్వాత 2006 ప్రాంతంలో 999 రూపాయలు కడితే జీవితకాలం ఇన్‌కమింగు ఉచితమన్నారు. వడ్డీకి తెచ్చి కట్టినవారున్నారు. అప్పట్లో అది పొలం పట్టా చేతికి వచ్చినంత సంబరం.

ఆ జీవితకాలం 2018 నవంబరులో తీరిపోయింది. నెలకు, అంటే 28 రోజులకు, కనీసం 35 రూపాయలు వేయించకపోతే వచ్చే కాల్స్ కూడా ఆపేస్తామని కంపెనీలు సందేశాలు పంపాయి. బ్యాలెన్సు ఉన్నా సరే గడువు లేకపోతే పనికిరాదన్నారు. కట్టినవాడు బతికే ఉన్నాడు, కంపెనీ బతికే ఉంది, జీవితకాలం మాత్రం పోయిందని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చి 2017 మార్చి దాకా అంతా ఉచితమన్నప్పుడు పడిన వరసలు అందరూ చూసినవే. దాని దెబ్బకు కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. ఆ తర్వాత 2019 డిసెంబరులో, 2021 నవంబరు, డిసెంబరుల్లో, 2024 జూలైలో ధరలు పెరిగాయి. పెంచినప్పుడల్లా ఒకరు పెంచిన మర్నాడో మూడోనాడో మరొకరు పెంచారు. సంతలో నాలుగు కొట్లుంటే బేరమాడవచ్చు, రెండే కొట్లుంటే వాళ్లు చెప్పిందే ధర. ఈ సంగతి పల్లెలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

పొరుగున పుట్టిన ఫోను

విచిత్రమేమంటే ఈ ఫోన్లలో కొన్ని పుట్టింది ఇక్కడే. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో విస్తరించిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ 2015 నుంచి షియోమీ ఫోన్లను కూర్చుతూ వచ్చింది. అక్కడ తయారైన తొలి ఫోనును ఆ ఏడాది ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు. అలాంటి కంపెనీల్లో పని చేసినవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కి, పొద్దుపోయాక దిగే అమ్మాయిల జీతంతో ఇంటికి పైకప్పు పడిన కుటుంబాలు, తమ్ముడికి కాలేజీ ఫీజు కట్టిన కుటుంబాలు ఈ ఊళ్లలో కనబడతాయి. అందువల్ల పెద్ద కంపెనీ అనగానే ఒక్క తిట్టుతో తేల్చేసేవారు ఇక్కడ తక్కువ. పని ఇచ్చే కంపెనీ వేరు, సరుకు అమ్మే కంపెనీ వేరు అని వారి లెక్క.

అయితే అదే ఫోను పాడైతే దిక్కు తిరుపతి, లేకుంటే మద్రాసు. ఒకరోజు కూలి, బస్సు చార్జీ, అక్కడ చీటీ తీసుకుని కూర్చోవడం. బ్యాటరీ ఉబ్బింది, గ్యారంటీలో రాదంటారు. నీళ్లు తగిలాయంటారు. బాగు చేసే ఖర్చు చెబితే దానికి మరికొంత కలిపి కొత్తదే కొనవచ్చనిపిస్తుంది.

నోకియా 1100 ఫోను వాడినవారు ఇక్కడే పాత రోజులు ఎత్తుకుంటారు. 2003లో వచ్చిన ఆ ఫోనుకు తల మీద టార్చిలైటు. మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. కింద పడితే మూడు ముక్కలై, ఏరి బిగిస్తే మళ్లీ మోగేది. ఆ బ్యాటరీలకూ ఒకసారి గొడవ వచ్చింది. 2007 ఆగస్టులో బి.ఎల్.5సి రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే ప్రమాదముందని నోకియాయే ప్రకటించింది. తయారు చేసింది జపాన్‌కు చెందిన మత్సుషిత అయినా, బ్యాటరీ మీది నంబరు సరిచూసి ఉచితంగా మార్చి ఇస్తామంది. జేబులో బాంబు ఉందన్నంతగా జనం భయపడ్డ మాట నిజమే. కాని తప్పు తనంతట తానే చెప్పి మార్చి ఇచ్చిన కంపెనీని కూడా చూశామని ఆనాటివారు చెబుతారు. ఆ కంపెనీ సరిహద్దుకు అవతల శ్రీపెరంబుదూరులో 2006లో పెట్టిన ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న మూతపడింది.

ఇప్పుడు మూత గోటికి రాదు. అంటించేస్తున్నారు. ఐరోపా దేశాల్లో 2027 ఫిబ్రవరి నుంచి వాడకందారే బ్యాటరీ తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. మన దేశంలో బాగుచేయించుకునే హక్కు పేరిట కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ఒక కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరు 24న వెబ్‌సైటు కూడా తెరిచింది. చట్టమైతే కాలేదు.

ఉచితంగా వచ్చిన ఆట

కరోనా ఏడాది బళ్లు మూసి ఫోనులో పాఠాలన్నారు. లేనివారు కూడా అప్పు చేసి కొనిచ్చారు. పాఠాలు పోయాయి, ఫోను మిగిలింది. సాయంత్రమైతే గుడి మండపంలో నలుగురైదుగురు పిల్లలు తలలు వంచుకుని కూర్చుంటారు. మాటలుండవు. తుపాకులు పేలుతున్న చప్పుడు మాత్రం వస్తుంటుంది.

ఈ ఆటలకు టిక్కెట్టు లేదు. అదే వాటి కిటుకు. లోపలికి పోయాక చొక్కాకు ఇంత, తుపాకి రంగుకు ఇంత, వజ్రాలకు ఇంత. వజ్రాలంటే మరేమీ కాదు, ఆటలో చెల్లే దొంగ రూకలు. తండ్రి ఫోనులోని డబ్బుల యాప్ పిన్ను పిల్లవాడికి తెలియని ఇల్లు ఏదీ లేదు, ఎందుకంటే తండ్రికి అది నేర్పించింది ఆ పిల్లవాడే. పాలడబ్బు, ఎరువుల కోసం వేసుకున్న డబ్బు కొద్దికొద్దిగా తగ్గుతుంటే బ్యాంకువాళ్లే కోసుకుంటున్నారనుకున్న తల్లులున్నారు. సంగతి తెలిశాక పిల్లవాడిని కొట్టడం తప్ప ఏం చేయాలో వారికి తోచడంలేదు.

ప్రభుత్వం ఊరుకోలేదనే చెప్పాలి. 2020 సెప్టెంబరు 2న పబ్జీని, దానితోపాటు మొత్తం 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30న ఆ ఆట మన దేశంలో పూర్తిగా ఆగిపోయింది. అందులో డబ్బు పోసి కూడబెట్టుకున్నవారు ఖాళీ తెర చూసుకున్నారు. 2021 జూలైలో అదే ఆట వేరే పేరుతో కొరియా కంపెనీ ద్వారా వచ్చింది. 2022 జూలైలో దాన్నీ తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధిస్తే దాని అన్నగారైన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఏది ఉందో ఏది లేదో తల్లిదండ్రులకు అంతుపట్టకపోవడంలో వింత లేదు, పిల్లలకు మాత్రం తెలుసు.

పేకాట సంగతి వేరు. ఆన్‌లైను రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పందెం ఉన్న ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆడేవాడికి కాక ఆడించేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అన్నారు. పందెం లేని మామూలు ఆటలు ఈ నిషేధంలోకి రావు. కాబట్టి వజ్రాల బేరం సాగుతూనే ఉంది.

కుర్రవాళ్ల వాదన కూడా వినదగిందే. కబడ్డీ ఆడితే కాళ్లు విరగవా, సినిమాకు పోతే డబ్బు పోదా అంటున్నారు. ఆడుకోవడానికి ఊళ్లో మైదానం ఏదని నిలదీస్తున్నారు. పిల్లల్ని తిట్టే పెద్దలు అర్ధరాత్రి దాకా రీల్సు చూస్తున్నారు కదా అన్న ప్రశ్నకు పెద్దల వద్ద జవాబు లేదు.

డబ్బిచ్చి కొన్న ఆట కూడా మనది కాదన్న సంగతి బయటి దేశాలవారికి ఇప్పుడిప్పుడే మింగుడుపడుతోంది. యూబీసాఫ్ట్ కంపెనీ ది క్రూ అనే కారు పందేల ఆటను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బాతో సహా కొనుక్కున్నవారికి కూడా అది ఆడటం మానేసింది. ఇలా చేయకుండా చట్టం కావాలంటూ ఐరోపాలో 10 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మీరు కొంటున్నది సరుకు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని అమ్మేవాడు ముందే చెప్పాలన్న చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. 999 రూపాయల జీవితకాలం కొన్న మన రైతుకు ఈ బాధ కొత్తేమీ కాదు.

ఎవరూ చెప్పని నిబంధనలు

నెలకు 28 రోజులేమిటన్న గొడవ ఢిల్లీకి చేరకపోలేదు. ప్రతి కంపెనీ కనీసం ఒక్కో రకంలో 30 రోజుల పథకం ఒకటి, ప్రతి నెలా అదే తేదీన వేయించుకునే పథకం ఒకటి తప్పనిసరిగా పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. 2024 డిసెంబరులో మరో ఉత్తర్వు వచ్చింది. ఇంటర్నెట్టు అక్కరలేనివారికి మాటలు, సందేశాలు మాత్రమే ఉండే పథకం పెట్టాలని, దాని గడువు 365 రోజుల వరకు ఉండవచ్చునని చెప్పింది. ముసలివారి ఫోనుకూ మోటారు పెట్టెకూ సరిగ్గా కావలసింది ఇదే.

2025 జనవరిలో కంపెనీలు అలాంటి పథకాలు పెట్టాయి. ధర చూసి ఉస్సూరన్నవారు చాలామంది. 84 రోజులకు 448, 469 రూపాయలు. ఒక కంపెనీ 1,849 రూపాయలకు 365 రోజులిస్తే, మరొకటి 1,748 రూపాయలకు 336 రోజులిచ్చింది. అంటే పన్నెండు ఫిబ్రవరులు! ధరలు ఆ తర్వాత మారుతుంటాయి గనుక వేయించే ముందు అడగడం మంచిది. ఎంతైనా 189 రూపాయల చొప్పున 13 సార్లు, అంటే 2,457 కట్టడం కన్నా మేలే. కాని ఈ పథకాల పేరు పల్లెలో విన్నవారు అరుదు. కొట్లో కుర్రవాడు ఫోనులో పైన కనబడిందే వేస్తాడు, కిందికి వెతకడు. గోడ మీది పోస్టర్లలోనూ ఇవి లేవు.

ఫిర్యాదు చేయాలంటే ముందు సొంత కంపెనీకి 198 నంబరుకు చేసి, వాళ్లిచ్చే నంబరు రాసుకోవాలి. వారి జవాబు నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పెట్టుకోవచ్చు, రుసుము లేదు. ఏ వస్తువుపైనైనా వినియోగదారుల జాతీయ సహాయ నంబరు 1915 ఉంది. ఫోనులో డబ్బు మోసపోతే వెంటనే 1930కి చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

టెలిఫోను తగాదాలు తమ పరిధి కాదని ఒకప్పుడు వినియోగదారుల ఫోరాలు తిప్పి పంపేవి. 2009లో సుప్రీం కోర్టు తీర్పు ఒకటి అందుకు కారణం. 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు, వొడాఫోన్ ఐడియాపై అహ్మదాబాదు వినియోగదారుడు వేసిన కేసులో, ఆ తగాదాలు కూడా వినవచ్చునని తేల్చింది. ఇప్పుడు కొన్న చోటనే కాదు, నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. రెండేళ్లలోపు వేయాలి. కావలసిందల్లా బిల్లు, ఆ ఒక్కటే మన దగ్గర ఉండదు. పెట్టె కొన్నా ఫోను కొన్నా, బిల్లు వద్దంటే వంద తగ్గిస్తామంటే సరేనని వచ్చేస్తున్నారు.

వరదయ్యపాళెం మండలంలోని ఒక గ్రామంలో మోటారు పెట్టెలున్న రైతులు ఈమధ్య తమలో తాము ఒక ఉపాయం చేసుకున్నారు. సిమ్ము గడువు తీరే తేదీని పెట్టె మూత లోపల సుద్దముక్కతో రాస్తున్నారు. పొలానికి పోయిన ఎవరైనా పక్క పెట్టె మూత కూడా తీసి చూసి, రెండు రోజులు ముందుగా చెబుతారు. వానకు చెరిగిపోతోందని ఈసారి పెయింటు డబ్బా తెచ్చారు. ఎరుపు రంగులో తేదీ రాశాక, వచ్చే నెల ఎలా మార్చాలన్న ప్రశ్న వచ్చింది. దాంతో ఏడాది పథకం ఉందేమో చూడమని ఇద్దరిని రీఛార్జి కొట్టుకు పంపారు. కొట్టు కుర్రవాడు ఫోను తెర కిందికి, ఇంకా కిందికి జరుపుతూ చాలాసేపు వెతికాడు. చివరికి దొరికింది.